పెళ్లి వీడియోగ్రాఫర్లకు బహిరంగ లేఖ: ముందు కరెంటు, తర్వాతే 4కె

రెండు తెలుగు రాష్ట్రాల్లో పెళ్లి వీడియోలు తీస్తున్న సోదర సోదరీమణులకు,



సంబంధం ఖాయమయ్యాక పెళ్లివారు మొదట వెతుక్కునేది ఫంక్షన్ హాలు, తర్వాత వంటవాళ్లు, ఆ వెంటనే మీరు. మీరిచ్చే ప్యాకేజీ కాగితం నిండుగానే ఉంటుంది. ట్రెడిషనల్, క్యాండిడ్, ప్రీ వెడ్డింగ్, సినిమాటిక్ టీజర్, డ్రోన్, హాల్లో ఎల్ఈడీ స్క్రీన్ మీద లైవ్, ఆల్బమ్‌లో ఇన్ని షీట్లు, అన్నిటికీ పైన లావు అక్షరాల్లో 4కె. ఆ కాగితాన్ని చివరిదాకా చదివినా రెండు సంగతులు మాత్రం కనబడవు. కెమెరా సెకనుకు ఎన్ని ఫ్రేములు తీయబోతోంది? పంతులుగారి గొంతు ఏ మైకులోంచి రికార్డు కాబోతోంది? పిల్లలు పెద్దవాళ్లయ్యాక అమ్మానాన్నల పెళ్లి వీడియో పెట్టుకుంటే కూర్చుని చూడగలరా, పది నిమిషాలకే కట్టేస్తారా అన్నది చాలావరకు ఈ రెండింటి మీదే ఉంటుంది. 4కె అన్న మాట అమ్ముడుపోతుంది, ఇవి అమ్ముడుపోవు. తేడా అంతే.

కరెంటుతో మొదలుపెడదాం.

మన గోడల్లో పారే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సెకనుకు 50 ఆవృత్తాలు, ఒక్కో ఆవృత్తంలో వోల్టేజీ రెండుసార్లు సున్నాకు దిగి లేస్తుంది. అందుకని చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు, చవకరకం ఎల్ఈడీ బల్బు, మండపానికి చుట్టిన సీరియల్ సెట్టు సెకనుకు 100 సార్లు వెలిగి మసకబారుతుంటాయి. అది మన కంటికి అందదు, కెమెరాకు అందుతుంది. షట్టర్ 1/50 పెడితే ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు మెరుపులు పడతాయి. 1/100 పెడితే సరిగ్గా ఒకటి. ఏ ఫ్రేముకైనా వెలుగు సమానమే. అదే 1/60 పెడితే ఒకటీ ఆపైన మూడింట రెండు వంతుల మెరుపు పడుతుంది. అంటే ఒక ఫ్రేముకు ఎక్కువ, పక్క ఫ్రేముకు తక్కువ. సెన్సర్ బొమ్మను పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది కాబట్టి ఆ హెచ్చుతగ్గులు పెళ్లికూతురి ముఖం మీదుగా పాకే మసక పట్టీల్లా కనిపిస్తాయి. ఎడిటింగ్‌లో వాటిని తగ్గించే ప్లగిన్లు ఉన్నాయిగాని, పట్టీతోపాటు పట్టుచీర నిగారింపునూ కొంత తుడిచేస్తాయి.

ఇంతకీ ఈ 1/60 మన హాళ్లలోకి ఎక్కడినుంచి వస్తోంది? 60 హెర్ట్జ్ దేశం నుంచి. అమెరికా, కెనడాల్లో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. మనది పాల్, సెకనుకు 25 ఫ్రేములు. కెమెరా మెనూలో ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమంటుంది. పాల్ పెడితే 25, 50, 100 కనబడతాయి. ఎన్‌టీఎస్‌సీ పెడితే 24, 30, 60, 120. ఇంటర్నెట్‌లో కెమెరా పాఠాలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది అమెరికావాళ్లే కాబట్టి మనవాళ్లూ ఆ వీడియోలు చూసి 24, 60, 120 కోసం మెనూ మార్చేస్తున్నారు. మన దేశంలో కొన్న సోనీ కెమెరాల్లో చాలావాటిని అలా మారిస్తే, ఆన్ చేసిన ప్రతిసారీ ఎన్‌టీఎస్‌సీలో నడుస్తున్నానని తెరమీద ఒక ముక్క చూపిస్తాయి. కొందరికి అది విసుగు. నిజానికి ఆ కెమెరా మంచి మాటే చెబుతోంది.

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో పెళ్లికి దిగిన పెదనాన్నగారబ్బాయి సంగతి ఇంకోటి. ఆయన చేతిలో మీదానికన్నా ఖరీదైన కెమెరా ఉండొచ్చు. అది 30 ఫ్రేములు, 1/60లో ఉంటుంది. అక్కడి హాళ్లకు అదే సరైన లెక్క, గుంటూరు హాల్లో అదే తప్పు. దాని గడియారం కూడా అమెరికా టైములోనే ఉంటుంది. హైదరాబాదుకూ న్యూయార్కుకూ మధ్య కాలాన్నిబట్టి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటల తేడా. కంప్యూటర్లో ఫైళ్లను టైము ప్రకారం పేరిస్తే మాంగల్యధారణ వెళ్లి స్నాతకం కన్నా ముందు కూర్చుంటుంది. ఆయన వచ్చిన సాయంత్రమే ఒక్క నిమిషం కూర్చోబెట్టి ఫ్రేమ్ రేటు, షట్టర్, గడియారం మూడూ మార్పిస్తే ఆయన తీసింది మీకు పనికొస్తుంది. మార్పించకపోతే ఎడిటర్‌కు తలనొప్పి. 30 ఫ్రేముల బొమ్మను 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పడేస్తే సాఫ్ట్‌వేర్ ఆరింట ఒక ఫ్రేము వదిలేస్తుంది. కూర్చున్న మనిషి మీద తెలియదు. సప్తపదిలో అడుగులు వేస్తున్నప్పుడు, ఊరేగింపులో కారు కదులుతున్నప్పుడు బొమ్మ తడబడుతుంది.

ఈ లెక్క తిరగేస్తే మీకూ వర్తిస్తుంది. ఇక్కడినుంచి అమెరికా పెళ్లిళ్లకు వెళ్తున్నవారు అక్కడ 30 ఫ్రేములు, 1/60 పెట్టుకోవాలి. లండన్, సిడ్నీ, దుబాయ్ అయితే మన 50 హెర్ట్జే. సౌదీ మాత్రం 60.

ఫోన్లదీ ఇదే తంతు. ఎక్కడ అమ్మినా 30 ఫ్రేముల మీదే తయారై వస్తున్నాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్తే పాల్ ఫార్మాట్లు చూపించమనే మీట ఒకటి ఉంది. అది నొక్కితేగాని 25 కనబడదు. అక్కడే హెచ్‌డీఆర్ వీడియో మీట కూడా ఉంటుంది. ఫోన్ తెరమీద అది ధగధగలాడుతుంది, మీ టైమ్‌లైన్‌లోకి వచ్చేసరికి వెలిసిన రంగులో కనిపిస్తుంది. కాబట్టి బంధువుల ఫోన్లలో దాన్ని కట్టేయించడం మేలు. ఫోన్ తీసే వీడియోలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదన్నది మరో చిక్కు. వెలుగు తగ్గితే కొన్ని ఫోన్లు తమంతట తామే ఫ్రేములు తగ్గించేస్తాయి. అలాంటి ఫైలును నేరుగా ఎడిటింగ్‌లో పెడితే ఐదు నిమిషాలు గడిచేసరికి పెదవులు ఒకచోట, మాట ఒకచోట.

24 ఫ్రేముల అభిమానులు ఇక్కడ అభ్యంతరం చెబుతారు. సినిమా లుక్ రావాలంటే 24 ఉండాల్సిందేనని. టాకీలు వచ్చిన కాలంలో, 1920ల చివర, సౌండ్ ట్రాక్ కోసం సినిమా 24 దగ్గర స్థిరపడింది నిజమే. కానీ 24కూ 25కూ తేడా చెప్పగల కన్ను పెళ్లిపందిట్లో దొరకదు. అసలు సినిమావాళ్లే 50 హెర్ట్జ్ దేశాల్లో 24తో తీసేటప్పుడు షట్టర్ కోణాన్ని 180 డిగ్రీల నుంచి 172.8కి దించుతారు. 24 ఫ్రేముల దగ్గర ఆ కోణం సరిగ్గా 1/50 అవుతుంది. వాళ్లూ కరెంటుకే తలవంచుతున్నారన్నమాట. మన టీవీ ప్రసారమంతా 50 లెక్క మీదే నడుస్తోంది. శ్రీరామనవమికి భద్రాచలం మిథిలా స్టేడియం నుంచి సీతారాముల కల్యాణం ఇంటింటికీ చేరేది ఆ లెక్కలోనే. రాములవారి పెళ్లికి సరిపోయింది మన పిల్లల పెళ్లికి చాలదా?

కాబట్టి మన హాల్లో తీసే కుటుంబ వేడుకకు పునాది 25 ఫ్రేములు, 1/50. దీనికి ఇంకో లాభం ఉంది. 25 ఫ్రేముల్లో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య సరిగ్గా నాలుగు మెరుపులు గడుస్తాయి కాబట్టి షట్టర్ పొరపాటున వేరేచోట ఉన్నా పట్టీలు పాకకుండా ఒకేచోట నిలబడతాయి. చూడటానికి అది కొంత నయం. జనరేటర్ వేసినప్పుడు మాత్రం ఒకసారి చూసుకోవాలి. లోడు మారితే దాని ఫ్రీక్వెన్సీ 50 నుంచి కాస్త అటూ ఇటూ జరుగుతుంది, నిలబడ్డ పట్టీ మెల్లగా కదలడం మొదలవుతుంది. మండపం వెనక ఎల్ఈడీ వాల్ పెట్టించుకున్నవారిది మరో పేచీ. ఆ గోడకు తనదైన రిఫ్రెష్ రేటు ఉంటుంది. 1/50 దగ్గర సాధారణంగా సర్దుకుంటుంది. సర్దుకోకపోతే షట్టర్‌ను దశాంశాల్లో జరిపే సౌకర్యం మీ కెమెరాలో ఉందేమో వెతకాలి. వధూవరుల పీటలు ఆ గోడకు నాలుగడుగులు ముందుకు జరిపిస్తే అలల్లాంటి గీతల బెడద కూడా తగ్గుతుంది. చెప్పాల్సింది డెకరేషన్ వాళ్లకు, అదీ ముందురోజే.

ఇక స్లో మోషన్. తలంబ్రాల ఘట్టానికి ఇది లేకపోతే టీజర్ లేదు. 120 ఫ్రేములు పెడితే షట్టర్ 1/120 కన్నా నెమ్మదిగా ఉండే వీలే లేదు, అంటే మన దీపాల కింద ఒక్క మెరుపు కూడా పూర్తిగా పట్టదు. 100 ఫ్రేములు, 1/100 అయితే పడుతుంది. పాల్ మెనూలో 100 ఎందుకు పెట్టారో దీన్నిబట్టే అర్థమవుతుంది. అయితే అసలు ప్రమాదం పట్టీలు కాదు. సోనీలో ఎస్ అండ్ క్యూ అనే స్లో మోషన్ మోడ్‌లో శబ్దం రికార్డు కాదు. కొందరు మాంగల్యధారణను ఆ మోడ్‌లోనే తీస్తున్నారు. బొమ్మ అద్భుతంగా వస్తుంది. మంత్రం లేదు, గట్టిమేళం లేదు, ‘మూడు ముళ్లూ సరిగ్గా పడ్డాయా’ అని ఆడపడుచు అడిగిన మాట లేదు. ఆ శూన్యంలో ఒక సినిమా పాట వేసి ఇచ్చేస్తారు. ముహూర్తం దగ్గర కనీసం ఒక కెమెరా, మధ్యలో నిలిచినది, మామూలు మోడ్‌లో శబ్దంతో సహా ఆగకుండా నడవాలి. రెండో కెమెరాకు 50 ఫ్రేములు, 1/100 పెట్టుకుంటే శబ్దమూ ఉంటుంది, కావాలంటే తర్వాత సగం వేగానికి తగ్గించుకోవచ్చు.

ఆగకుండా అన్నప్పుడు ఒక మెలిక. చాలా స్టిల్ కెమెరాలు వీడియోను 29 నిమిషాల చిల్లరకు వాటంతటవే ఆపేస్తాయి. యూరప్‌లో అరగంట, ఆపైన రికార్డు చేసే యంత్రాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు. ఆ సుంకం తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టుకున్న గీత అది. కొత్త మోడళ్లలో పోయింది గానీ మీలో చాలామంది చేతుల్లో ఇంకా తిరుగుతున్న 2018 నాటి సోనీ ఏ7 మార్క్ 3లో ఉంది. జీలకర్ర బెల్లానికి పంతులుగారు లగ్నం చూసుకుంటున్నప్పుడు మీ రికార్డింగ్‌లో 27 నిమిషాలు గడిచాయనుకోండి, ఆయన ముహూర్తం మీ కెమెరా కోసం ఆగదు. ఐదు నిమిషాల ముందు ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టడం అలవాటు చేసుకుంటే చాలు.

4కె విషయానికి వద్దాం. 4కె వద్దని ఈ లేఖ అనడం లేదు. 3840 అడ్డం, 2160 నిలువు, ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలు. పెళ్లికి దానివల్ల అసలైన ప్రయోజనం ఒకటుంది. ఆ బొమ్మలోంచి నిలువుగా 1215 అడ్డం, 2160 పొడవు ముక్క కోసుకోవచ్చు. ఫోన్‌లో పెట్టుకునే రీల్‌కు 1080, 1920 చాలు కాబట్టి ఒకే అడ్డం షాట్‌లోంచి రీలూ వస్తుంది, టీవీ వీడియో కూడా దక్కుతుంది. ముహూర్తం వేళ కెమెరాను నిలువుగా తిప్పి బంధువులను అంచుల్లోంచి నరికేయాల్సిన పనిలేదు.

కానీ చుక్కల సంఖ్య ఒక్కటే నాణ్యత కాదు. సెకనుకు ఎంత సమాచారం కార్డు మీద పడుతోందన్నది రెండో సగం. అదే బిట్ రేటు. కెమెరా ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదు, ముందు ఫ్రేముకూ దీనికీ మారినంతే రాస్తుంది. పంతులుగారు కూర్చుని సంకల్పం చెప్పిస్తున్నప్పుడు మారేది ఏమీ లేదు, తక్కువ బిట్ రేటు కూడా సరిపోతుంది. తలంబ్రాల్లో బియ్యం, ముత్యాలు, థర్మాకోల్ పూసలు, పైనుంచి పూలరేకులు, పక్కనుంచి మెరుపు కాగితాలు ఒక్కసారిగా ఫ్రేము నిండా ఎగిరినప్పుడు ప్రతి చుక్కా మారిపోతుంది. అప్పుడు బిట్లు చాలక బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది. పెళ్లంతటిలో అందరూ మళ్లీ మళ్లీ చూసే అరనిమిషం అదే, ఎక్కువగా పాడయ్యేదీ అదే. 4కె పేరున తక్కువ బిట్ రేటులో తీసిన తలంబ్రాల కన్నా ఫుల్ హెచ్‌డీలో 50 ఎంబీపీఎస్ మీద తీసినవి నయంగా ఉండే సందర్భాలున్నాయి.

ఎంత పెట్టాలి? లెక్క కష్టమేమీ కాదు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు, గంటకు 45 జీబీ. గౌరీపూజ నుంచి అప్పగింతల దాకా ఆరు గంటలు తీస్తే ఒక్క కెమెరాకు 270 జీబీ. 4కె, 25 ఫ్రేములకు ఇది సమంజసమైన మోతాదు. ఆల్ ఇంట్రా పేరుతో 500 ఎంబీపీఎస్‌కు వెళ్తే గంటకు 225 జీబీ. ప్రకటనల చిత్రాలకది బాగుంటుంది. పెళ్లికి అంత పెడితే మధ్యాహ్నానికి కార్డులు నిండి, అసిస్టెంటు మెట్ల కింద లాప్‌టాప్ తెరిచి కంగారుగా ఖాళీ చేసుకుంటూ కూర్చుంటాడు. ఫైళ్లు పోయేది సరిగ్గా అలాంటి కంగారులోనే. కార్డు మీద వీ30 అని ఉంటే సెకనుకు తక్కువలో తక్కువ 30 మెగాబైట్లు రాస్తుందని హామీ, అంటే 240 ఎంబీపీఎస్. 100 ఎంబీపీఎస్‌కు అది ధారాళంగా చాలు. వీ90 కోసం పెట్టే డబ్బును ఒక మంచి మైకు మీద పెట్టొచ్చు.

రెండు స్లాట్లున్న కెమెరాలో ఒక కార్డు నిండాక రెండోదానికి వెళ్లే రిలే పద్ధతి కాకుండా, రెంటిమీదా ఒకేసారి రాసే పద్ధతి పెట్టుకోండి. దీనిమీద వాదనకు తావు లేదు. పుస్తె కట్టే ఘట్టం కార్డులో పోయిందని కట్టిన పుస్తెను విప్పించి మళ్లీ కట్టించలేరు.

రంగు. లాగ్ ప్రొఫైల్‌లో తీస్తే తర్వాత గ్రేడింగ్ చేసుకోవచ్చని అందరూ అటు పరుగెడుతున్నారు. కెమెరా 10 బిట్‌లో రాస్తుంటే ఒక్కో రంగుకు 1024 మెట్లుంటాయి, లాగుకు అది తట్టుకుంటుంది. పైన చెప్పిన ఏ7 మార్క్ 3 లాంటివి 8 బిట్ మాత్రమే, 256 మెట్లు. వాటిలో లాగ్ తీసి సాగదీస్తే మండపం వెనక లేతరంగు గుడ్డ మీద చారలు పడతాయి. పైగా లాగ్‌కు కనీస ఐఎస్ఓ ఎక్కువగా ఉంటుంది. అరవై పెళ్లిళ్ల సీజన్లో మీ ఎడిటర్ ప్రతి షాటుకూ కూర్చుని రంగు దిద్దగలడా అన్నది మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న. దిద్దలేడంటే స్టాండర్డ్ ప్రొఫైల్‌లో కాంట్రాస్ట్ ఒక మెట్టు తగ్గించి తీయడమే మర్యాద.

మన పెళ్లికి కెమెరాను నిజంగా పరీక్షించేవి మధుపర్కాలు. తెల్లటి నేత, ఎర్రంచు, చుట్టూ ఫోకస్ లైట్లు. కెమెరాను ఆటోకు వదిలేస్తే ముఖాన్ని వెలిగించబోయి పంచెను సున్నపుముద్ద చేస్తుంది. పంచె మడతలు కనబడని బొమ్మను ఏ గ్రేడింగూ బాగుచేయలేదు. ఎందుకంటే ఆ మడతలు రికార్డే కాలేదు. జీబ్రా గీతలు 95 దగ్గర పెట్టుకుని, పంచె మీద అవి మాయమయ్యేదాకా ఎపర్చర్ తగ్గించి, ముఖానికి తక్కువైతే లైటు జరిపించాలి. వైట్ బ్యాలెన్స్ కూడా ఆటోలో ఉండకూడదు. బంతిపూల దండలు, పసుపు, మామిడాకుల నడుమ బంగారు జరీ. ఫ్రేము నిండా పసుపు చూసేసరికి కెమెరా దాన్ని సరిదిద్దాలనుకుని నీలం వైపు లాగుతుంది, పెళ్లికూతురు జ్వరం తగ్గి లేచినదానిలా పాలిపోతుంది. మండపం లైట్లన్నీ వేయించి, గ్రే కార్డు చూపించి, వచ్చిన కెల్విన్ అంకెను అన్ని కెమెరాల్లోనూ ఒకేలా కట్టేయండి. హోమం వెలిగాక మంట ఎర్రగానే ఉండనివ్వండి.

ఆటోఫోకస్‌కు అడ్డుతెర ఒక పరీక్ష. కెమెరా తెరను పట్టుకుని కూర్చుంటుంది, తెర తీసిన క్షణంలో ఉలిక్కిపడి ముఖాన్ని వెతుక్కుంటుంది. వధూవరులు తొలిసారి ఒకరినొకరు చూసుకునే ఆ చూపు మసకగా పోతుంది. తలంబ్రాల్లో బియ్యపు గింజ మీదికి దూకుతుంది. ఫోకస్ మారే సున్నితత్వాన్ని అట్టడుగుకు దించి, ముఖాన్ని గుర్తుపట్టే సౌకర్యం పెట్టుకుంటే చాలావరకు నిలబడుతుంది. తెర ఘట్టానికి మాత్రం పాత పద్ధతే మేలు. ముందే పెళ్లికూతురి ముఖం మీద ఫోకస్ పెట్టి మాన్యువల్‌కు మార్చేయడం.

అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరుగుతున్నది శబ్దానికి. 1980, 90ల నాటి వీహెచ్ఎస్ క్యాసెట్లను ఇప్పుడు డిజిటల్ చేయిస్తున్న ఇళ్లలో ఒకటే మాట వినబడుతుంది. బొమ్మ వెలిసిపోయినా పర్వాలేదు, తాతగారి గొంతు లేదేమిటి? ఉండదు. ఆనాటి ఎడిటర్లు తెర మొత్తం పూలరేకుల్లా తిరిగే ఎఫెక్టులు వేసి, అసలు ఆడియో మీద సినిమా పాటలు రుద్దారు. క్యాసెట్‌లో పాట రాస్తే కింది శబ్దం చెరిగిపోతుంది, పాట తీసేసి దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. ఇప్పుడు చెరపాల్సిన అవసరం లేకపోయినా అదే పని జరుగుతోంది. పాట వేసిన వీడియోను యూట్యూబ్‌లో పెడితే హక్కుల గొడవ వచ్చి శబ్దం మూగబోవడం అదనం.

కెమెరాలో ఆటో ఆడియో ఏం చేస్తుందో గట్టిమేళం దగ్గర వినండి. మంత్రం మెల్లగా సాగుతున్నంతసేపూ కెమెరా శబ్దాన్ని పెంచుకుంటూ పోతుంది. ఫ్యాన్ల హోరు, వెనకవరసలో భోజనాల కబుర్లు పైకొస్తాయి. పంతులుగారు ‘గట్టిమేళం’ అనగానే సన్నాయి, డోలు ఒక్కపెట్టున విజృంభిస్తాయి, శబ్దం పగిలిపోతుంది. కెమెరా బెదిరి మీట దించేస్తుంది, మేళం తగ్గాక కాసేపటిదాకా ఏ మాటా వినబడదు. దీనికి మందు మాన్యువల్ లెవల్. మేళగాళ్లు శ్రుతి చూసుకుంటున్నప్పుడు దణ్ణంపెట్టి పది సెకన్లు నిండుగా వాయించమని అడగండి, ఆనందంగా వాయిస్తారు. ఆ ఉధృతి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా కట్టేయండి. మంత్రానికి విడిగా ఒక చిన్న వైర్‌లెస్ మైకు పంతులుగారి ఉత్తరీయానికి తగిలించండి. పెళ్లికొడుకు ఒంటిమీద వద్దు, బాసికం కట్టడం నుంచి దండలు మార్చడం దాకా అది నలుగుతూనే ఉంటుంది. హాలు మైకు నుంచి లైన్ తీసుకునేవారు కెమెరా ఇన్‌పుట్‌ను మైక్ నుంచి లైన్‌కు మార్చడం మరవద్దు, మరిస్తే మొత్తం గరగరే. హాలు చివర ట్రైపాడ్ మీది కెమెరా శబ్దాన్ని నమ్ముకోవద్దు. శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున నడుస్తుంది, 34 మీటర్ల దూరం నుంచి తీస్తే మాట పెదవి కన్నా సెకనులో పదోవంతు, అంటే రెండున్నర ఫ్రేములు వెనకబడుతుంది.

అప్పగింతల వేళకు మీ బృందం సగం భోజనాలకు వెళ్లిపోతుంది, మైకు బ్యాటరీలు అయిపోతాయి. పెళ్లి మొత్తంలో మాటలకు విలువ ఎక్కువున్న ఘట్టం అదే. వియ్యపురాలి చేతిలో కూతురి చేయి పెట్టి తల్లి ఏమందో అన్నది ఆ ఇంటివాళ్లకు టీజర్ మొత్తంకన్నా ఎక్కువ. బ్యాటరీలు దానికోసం దాచండి.

మీ కష్టం తెలియనిది కాదు. రాత్రి రెండింటికి ముహూర్తం, ఉదయం ఇంకో ఊళ్లో సత్యనారాయణ వ్రతం, సీజన్లో నిద్ర లేని వారాలు, బాకీలు ఎగ్గొట్టే పెళ్లివారు. పైగా ‘పక్కవాడు డ్రోన్ ఇస్తున్నాడు, నువ్వేమిస్తావు’ అని బేరమాడేది ఈ లేఖ చదివే పెళ్లివారే. అడగాల్సింది వాళ్లకు తెలియకపోతే చెప్పాల్సింది మీరు. పైన చెప్పినవాటిలో చాలావాటికి కొత్త కెమెరా అక్కర్లేదు, మెనూలో కాసేపు కూర్చుంటే చాలు.

కనుక మీకూ, మీ ఫోటోగ్రాఫర్ల సంఘాలకూ ఒక విన్నపం. వచ్చే మాఘమాసం ముహూర్తాలకు కొటేషన్లు రాసేటప్పుడు 4కె కింద ఇంకో ఐదు వరసలు చేర్చండి: 25 ఫ్రేములు, 1/50 షట్టర్, బిట్ రేటు ఇంత, పంతులుగారికి విడి మైకు, రెండు కార్డుల మీద ఒకేసారి రికార్డింగ్. హాలు బుక్ చేసుకున్నవారితో మాట్లాడి, ముందురోజు అదే లైట్ల కింద ఒక నిమిషం తీసి పెద్ద తెరమీద చూసుకోండి. ఎడిట్ చేసిన వీడియోతోపాటు జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా కత్తిరించని, పాట వేయని ఫైలును హార్డ్‌డిస్క్‌లో విడిగా ఇవ్వండి. పెళ్లివారు అడిగినా, అడగకపోయినా ఇవ్వండి.

ఇట్లు,
పెళ్లి వీడియోలను శబ్దంతో సహా చూడాలనుకునేవారి తరఫున